రీడింగు

ఇరవై రూపాయల టిక్కెట్టు కొని
బ్రాడీపేట నాలుగో లైన్లో
పరాంకుశం గారి గడప దాటాను.
పందొమ్మిదేళ్లు నెలనెలా వచ్చిన ఇల్లే.
వరండా దాకానే వచ్చాను.
మీటరు వరండాలోనే ఉండేది మరి.

"చెప్పులు బయట విప్పండి తాతగారూ" అంది గైడు పిల్ల.
"అలవాటేనమ్మా" అన్నాను.
ఎందుకన్నానో తెలియకపోయినా నవ్వింది.

ఈ గదులు ఇంత చిన్నవా!
మా సుగుణ బియ్యేలో పాఠం పైకి చదువుతుంటే విన్నానే,
ఆ జనమంతా, ఆ పెళ్లిళ్లూ కోర్టు వ్యాజ్యాలూ
ఈ రెండు దూలాల కింద ఎట్లా పట్టాయో.

గాజు పెట్టెలో కళ్లజోడు,
ఒక పక్క పుల్లకి బదులు నల్లదారం.
ముక్కుపొడుం డబ్బా.
వార్నిషు వాసన తప్ప ఇంకే వాసనా లేదు.
అప్పట్లో మిర్చి యార్డు గాలి ఇటు తిరిగితే
లోపల ఆయనా, బయట నేనూ తుమ్మేవాళ్లం.
ఎవరు తుమ్మారో చూడకుండానే
కిటికీలోంచి "చిరంజీవ" అనేవారు.

నాకు ఆయన అంకెల్లోనే తెలుసు.
నలభై యూనిట్లంటే కులాసా.
తొంభై దాటితే, రాస్తున్నారు కామోసు.
పదకొండైతే ఊళ్లో లేరు,
ఊళ్లో ఉంటే ఇంట్లో లేరు,
ఇంట్లోనే ఉంటే, ఏమో.

"ఈ లాంతరు వెలుగులోనే రాశారండీ ఆ పెద్ద నవల.
కరెంటు దీపం కింద మాట కదలదు అనేవారట."
చీటీ మీదా అదే ఉంది:
రచయితకు ప్రీతిపాత్రమైన లాంతరు.

ఆ ఏడు మూడు బిల్లులు బాకీ.
ఫ్యూజు పీకి సంచీలో వేసుకున్నది నేనే.
తుండుగుడ్డతో చేతులు తుడుచుకుంటూ
గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.
"ఎంతయింది ఏసోబూ?"
నా పేరు ఆయనకెట్లా తెలుసో!
"నలభై ఒకటీ ముప్పావలా అండీ."
"పుస్తకం అయ్యాక కడతాను."
ఎప్పుడవుతుందండీ అని అడగలేదు.
అడిగే గడి నా పుస్తకంలో లేదు.

ఏడు నెలలు చక్రం కదల్లేదు.
అక్కర్లేకపోయినా వెళ్లి
పాత అంకే మళ్లీ వేసి వచ్చేవాణ్ణి.
చీకటి పడ్డాక ఆ లైన్లో సైకిల్ మీద పోతుంటే
ఆ కిటికీలో పసుప్పచ్చగా, చిక్కుడు గింజంత.
ఒక కాలు నేలకానించి
కాసేపు చూసి పోయేవాణ్ణి.

పిల్లకి చెబుదామనుకున్నాను.
నా వెనకాల బడి పిల్లలు నలభై మంది
నోట్సుల్లోకి ఎక్కించుకుంటున్నారు.
"ప్రీ-కి దీర్ఘమా టీచర్?"
"దీర్ఘమే."
ఇక ఊరుకున్నాను.

వరండాలో పాత మీటరుకీ అద్దం బిగించారు.
పక్కన వేలాడే కార్డు మీద, ఎలకలు కొట్టినంత మేర పోగా,
దా.ఏ., దా.ఏ., దా.ఏ.
ఏడు వరసల్లో ఒకటే అంకె.
దానికి మాత్రం చీటీ లేదు.
ఆ పక్కనే ఏసీల కోసం పెట్టిన కొత్త మీటరు
ఎర్రగా రెప్పలు కొడుతోంది.

"అభిప్రాయం రాయండి తాతగారూ."
అద్భుతం, మహాద్భుతం అని అందరూ రాసిన కింద
కొత్త మీటరు వైపు వంగి చూసి
తేదీ వేశాను, 6214 వేశాను,
పొట్టి సంతకం పెట్టాను.
"ఇదేంటండీ?"
"రీడింగమ్మా."

గేటు దాటానో లేదో యార్డు గాలి.
తుమ్మాను.
వెంటనే కదల్లేదు.