స్టార్ తొమ్మిది తొమ్మిది హ్యాష్

కోస్గి బస్టాండు ఎదురుంగ
నా జిరాక్సు డబ్బాల
నెట్టంటే అప్పట్ల తీగ కాదు.
ల్యాండ్‌లైనుకు దరఖాస్తు పెట్టి రెండేండ్లు.
లైన్‌మన్ వస్తడు, చాయ్ తాగుతడు,
స్తంభం దిక్కు చూస్తడు, పోతడు.

ఇగ పాలమూరు పోయి
సెకండ్‌హాండ్‌ల ఒక ఫోను కొన్న,
దానెంబడి ఒక నల్ల కేబులు.
అమ్మినాయన బీడీ కట్ట కాయితం మీద రాసిచ్చిండు:
స్టార్ తొమ్మిది తొమ్మిది హ్యాష్.
పేరడిగితే ఖాళీ ఇడువు,
పాస్‌వర్డడిగినా ఖాళీనే.
ఎవరని అడుగకుంట తలుపు తీసే ఇల్లు
నా బతుకుల అదొక్కటే చూసిన.

కిటికీ ఊచకు దస్తీతోని కట్టేటోన్ని ఫోన్ను.
బస్సొచ్చి అడ్డమాగితే సిగ్నలు పోయేది.
తెర మూలకు రెండు బుల్లి కంప్యూటర్లు
ఒకదానికొకటి కన్నుగొట్టుకుంటే
లైను పడ్డట్టు.
పైసలు ఒడుస్తయని బొమ్మలన్నీ బందు పెట్టిన.
నా డబ్బాలకు లోకం వస్తే
ఒట్టి అక్షరాలై వచ్చేది,
మొకాలున్న కాడల్లా చిన్న ఎర్ర ఇంటూ గుర్తు.

పదో తరగతి రిజల్టు దినం.
మోరీ దాటి రోడ్డు దాంక పిల్లలు.
మనిషికి పది రూపాయలు.
అరచేతుల్ల పెన్నుతోని హాల్‌టికెట్ నంబర్లు;
చెమటకు ఒకనిది మూడు ఎనిమిదయి
ఎవలిదో ఫెయిలు చూసి ఏడ్చిండు.

శివలీలది ముప్పై ఒకటో వంతు.
నంబరు కొట్టిన. తెర తెల్లగయింది.
కింద నీలం గీత పాక్కుంట పాక్కుంట
సగం దాంక వచ్చింది.
ఫోను మోగింది.

మోగితే నెట్టు చస్తది.
దానికున్నది ఒక్కటే గొంతు,
మాట్లాడాలె, లేకుంటే మోయాలె.

పుణె నంబరు, రూపాయి డబ్బా.
"సారూ, బుగ్గప్పను. మా పిల్లది ఏమాయె?"
"ఇంక రాలే."
మళ్ల స్టార్, మళ్ల తొమ్మిది, మళ్ల తొమ్మిది.
ముప్పావు దాంక వచ్చింది గీత.
"సారూ, బుగ్గప్పను."

తను అడుగుతుంటేనే తెగుతున్నదని
అంత దూరాన ఆయనకెట్ల ఎరుక?
రూపాయెన్క రూపాయి ఏస్తున్నడు
బిడ్డ రిజల్టు మీద.

మూడోసారి శివలీలనే దస్తీ విప్పి ఎత్తింది.
"నాయినా, నువ్వు అడుగకు.
అడుగకుంటే వస్తది."
అటు దిక్కు కాంక్రీటు మిల్లరు చప్పుడు.
ఏమన్నడో ఏమో,
డబ్బా టుక్కుమన్నది.

అటెన్క ఎవ్వలూ మాట్లాడలే.
గట్టిగ ఊపిరిడిస్తే లైను తెగుతదేమో అన్నట్టు
అందరు పిల్లలు ఒక్క తీరుగ నిలవడ్డరు.
ఫోను పెనమోలె కాలుతున్నది.
జరమొచ్చిన లేగకు విసిరినట్టు
శివలీల చున్నీ కొంగుతోని విసురుతున్నది.

ముందు పేరొచ్చింది. కింద తండ్రి పేరు.
తెలుగు అరవై రెండు.
హిందీ ఇరవై. సరీగ ఇరవై,
గడప మీద కాలు పెట్టి దాటినట్టు.
లెక్కలు ముప్పై ఎనిమిది.
అన్నిటి కింద, రంగు లేకుంట, బొమ్మ లేకుంట,
ఇంగ్లీషుల నాలుగక్షరాలు.

కేబులు పీకిన. అది మళ్ల ఫోనయింది.
అదే నంబరుకు కొట్టిన. ఎవలో మరాఠీల ఎత్తిండ్రు.
"బుగ్గప్ప" అన్న.
"కోణ్?" అన్నడు.
నాకు నోరు పెగల్లే.
ఇరవై మార్కుల హిందీ పెట్టుకొని
శివలీల ఫోను గుంజుకున్నది:
"భయ్యా, కోస్గీ బుగ్గప్పకో బోలో. పాస్."
"పాస్?"
"పాస్."

ఆయన డబ్బా పక్కకు పెట్టి
రోడ్డు మీదికి కేకేసిండు,
పేరు సగం తప్పు పలుక్కుంట.
మిల్లరు తిరుగుతనే ఉన్నది.
ఇనవడ్డదో లేదో.

శివలీల పది రూపాయలిచ్చింది, చిల్లర నాణాలు.
ఎస్టీడీకి నాలుగు కట్టయినయి.
దస్తీ మళ్ల ఊచకు ముడేసిన.
ముప్పై రెండో పిల్లగాడు
తడి చెయ్యి అంగీకి తుడవబోయి, యాదికొచ్చి,
అట్లనే చాపిండు.