ఎనిమిదో మగ్గు

చావ్‌జౌ ఊరి చివర, మూడో బట్టీ వెనక షెడ్డులో
మూడువేల రెండొందల మగ్గులు
అట్టపెట్టెల్లో పల్చటి కాగితం కప్పుకుని ఉన్నాయి.
నేను తెరిచేవి నూట పాతిక.
ఏ పెట్టె తెరవాలో నేనే చెబుతాను.
వాళ్ళు ముందుకు తోసిన వరస వదిలేసి
గోడవారన, నిచ్చెన వేస్తే తప్ప అందనిది చూపించాను.
నిచ్చెన దొరకడానికి ఇరవై నిమిషాలు పట్టింది.
దొరకని నిచ్చెనలతో నాకు పదకొండేళ్ళ పరిచయం.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు చెబుతుందంటారు.
నిజమే, కుండ ఒకటైతే, మంట ఒకటైతే.
ఇక్కడ సోమవారం మట్టి వేరు, గురువారం మట్టి వేరు,
రాత్రి షిఫ్టులో పిడులు అతికే చేతులు వేరు.

నా సంచిలో సీలు వేసిన నమూనా మగ్గు.
అడుగున ఇద్దరి సంతకాలు:
బట్టీ యజమాని ష్యేది ఒకటి,
గ్డీనియా రేవులో కొట్టు నడిపే హలీనాది ఒకటి.
ఆ నీలం మీద ఇద్దరూ నాలుగు నెలలు పోట్లాడుకున్నారు.
మంచి నీలమే.
అందులో ఇంతవరకు ఎవరూ ఒక్క గుక్క తాగలేదు.

పోయినేడు హలీనా పంపిన ఫోటో ఇంకా నా ఫోన్‌లో ఉంది.
ఎవరిదో చెయ్యి. వేళ్ళ మధ్య పిడి.
పిడికి మగ్గు లేదు.
వేళ్ళకి మాత్రం ఆ సంగతి ఇంకా తెలిసినట్టు లేదు.
ఆ తర్వాతే నన్ను కుదుర్చుకుంది.
చేతులు కాలాక ఆవిడ పట్టుకున్న ఆకుని నేను.

చెక్కపుల్లతో కొడతాను, అంచుకి కాస్త కింద.
ఖంగ్.
ఖంగ్.
బాగున్న మగ్గు తన మాట తాను పూర్తిచేస్తుంది.
పగులున్నది మధ్యలో నాలిక కరుచుకుంటుంది.

మధ్యాహ్నానికి ఆరు.
ష్యే టీకి పిలిచాడు.
మా ఊళ్ళో ఎందరు కూర్చున్నా మూడే కప్పులు,
ఒకరు తాగింది కడిగి ఇంకొకరికి.
పళ్ళెం కింద ఎర్ర కవరు అంచు.
నేను చూశానని అతను చూశాడు.
అలవాటు కొద్దీ కప్పుని గోటితో తట్టాను.
ఖంగుమంది. ఇద్దరం నవ్వాం.
కవరు అక్కడే ఉండిపోయింది, తడుస్తూ.

ఏడు చెడ్డవాటి దాకా సరుకు ఓడెక్కుతుంది.
ఎనిమిదోది దొరికితే మొత్తం ఆగుతుంది.
నాలుగింటికి ఏడోది దొరికింది.
ఆ పైన షెడ్డులో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు.

నూట పందొమ్మిదో మగ్గు.
ఖ
అంతే.
మళ్ళీ కొట్టాను. పలికితే బాగుండునని
నాకూ ఉంది, ఎవరికి చెప్పను?
టార్చి వేస్తే ఏమీ కనపడలేదు.
వేడినీళ్ళు పోసి గోధుమరంగు కాగితం మీద పెట్టి
చుట్టూ నిలబడ్డాం: ష్యే, నేను,
పిడులు అతికే యాన్‌పింగ్, బట్టీ కుక్క.
ఆరు నిమిషాలకి కాగితం మీద
వెంట్రుక మందాన తడి.

యాన్‌పింగ్ అంది, ఎవరివైపూ చూడకుండా:
"లోపల ఇంకా వేడి ఉండగానే తలుపు తీయించారు.
చల్లారనివ్వమన్నాను."
ష్యే ఏమీ అనలేదు. ఫోన్ తీసి నా ముందు పెట్టాడు.
హలీనా మెయిలు, ఆదివారం రాత్రిది.
పద్నాలుగో తేదీ ఓడ తప్పితే క్రిస్మస్ పోయినట్టే,
ఎలాగైనా సరే.
ఎలాగైనా సరే కింద గీత.

నా ఫారంలో పగులుకి గడి ఉంది, మరకకి ఉంది,
పిడి వంకరకి డిగ్రీలతో సహా ఉంది.
ఆ గీత ఎక్కడ రాయాలో తెలియక
అట్టడుగున, ఇతర వివరాల్లో రాశాను:
బట్టీ పద్దెనిమిది గంటలు చల్లారాలి.
పదకొండే దొరికాయి. తొందర కొన్నవారిది.
నాకు డబ్బిచ్చేదీ కొన్నవారే.
రెండుసార్లు చెరిపాను. మూడోసారి ఉంచేశాను.

ఇంటికొచ్చేసరికి తొమ్మిది.
పిల్లకి అన్నం పెట్టబోతూ
గిన్నె అంచుని చెంచాతో తట్టి, ఆగి విన్నాను.
"అమ్మా, అది మన గిన్నే.
పెట్టు, చల్లారిపోతోంది."