పద్నాలుగో వరుస

ముందు ఇనుము ముట్టుకో, అన్నాడు ఉర్హో.
ఒంట్లో ఉన్న మెరుపు ర్యాకుకి అప్పజెప్పి
అప్పుడు డిస్కు మీద చెయ్యి వెయ్యి.
నీకు చురుక్కుమని కూడా అనిపించదు,
దానికి ప్రాణం పోతుంది.

అదీ నా మొదటి పాఠం. జనవరి నెల.
ఫిన్లాండ్ పటంలో వేలు పెట్టి వెతికితే గాని దొరకని ఊరు మాది.
బయట మైనస్ ఇరవై ఆరు,
లోపల ఫ్యాన్ల హోరు.
పాఠాలన్నీ కేకలేసి చెప్పినవే.

ఒకప్పుడు ఈ హాల్లో మూడో నంబరు కాగితం యంత్రం ఉండేది.
ముప్పై ఒక్క ఏళ్ళు దాని పక్కనే నిలబడ్డాడు ఉర్హో,
చిటికెన వేలి కొస దానికే ఇచ్చాడు.
మిల్లు మూతపడ్డాక ఊరికి గంధకం కంపు వదిలింది.
ఆ కంపు పోయిందని ఏడ్చినవాళ్ళని చూశాను.

మేఘం ఎక్కడుందండీ, అని
చూడ్డానికొచ్చిన బడిపిల్లలు అడిగితే
ఆయన తల పైకెత్తడు.
పద్నాలుగో వరుస, తొమ్మిదో ర్యాకు,
కింద నుంచి మూడోది, అంటాడు.
ఇవాళ దానికి ఒంట్లో బాగాలేదు.

నారింజ దీపం వెలిగితే డిస్కు పోయినట్టు.
పోయినా పోయినట్టు కాదు.
అందులో ఉన్నదే ఇంకో రెండు చోట్ల ఉంటుంది,
ఒకటి ఇదే హాల్లో, ఒకటి సముద్రం అవతల.
ఎవరిదో తెలీదు. అడగకూడదు.
పెళ్ళి ఫొటోనో, పళ్ళ డాక్టరు బిల్లో.
పాతది లాగి, కొత్తది తోసి, క్లిక్కుమనేదాకా నొక్కాలి.
పక్కవి చెబుతుంటే
అది రాత్రంతా కూర్చుని రాసుకుంటుంది,
జ్వరమొచ్చి బడి మానేసిన పిల్ల నోట్సు ఎక్కించుకున్నట్టు.

పాతదాన్ని మిషన్లో వేస్తే రవ్వలా రాలుతుంది.
కాగితమైతే మళ్ళీ గుజ్జు చేసేవాళ్ళం, అని
మూత మూసేస్తాడు ఉర్హో.

పసుపు రంగువి ఫైబరు తీగలు. గట్టిగా మడవకు,
మలుపు మరీ ఇరుకైతే వెలుగు గోడ దూకి పోతుంది.
కొసలోకి తొంగి చూడకు,
కనిపించని వెలుగు కూడా కన్ను కాలుస్తుంది.

నాకు నచ్చిన పాఠం మాత్రం కాఫీ గదిలో చెప్పాడు,
కేకలెయ్యక్కర్లేని చోట.
మాట ఒక్కటిగా పోదు, ముక్కలై పోతుంది.
ఏ ముక్క ఏ దారిన పోతుందో ముందే ఎవరికీ తెలీదు.
ఆయుష్షు మాత్రం బయల్దేరేటప్పుడే రాసిపెడతారు,
అరవై నాలుగనో ఎంతో.
మజిలీ మజిలీకీ ఒకటి తగ్గుతుంది.
సున్నా అయితే ఎక్కడుంటే అక్కడే పారేస్తారు.

అన్యాయం కదా, అన్నాను.

దారి తప్పినవి అలా తిరుగుతూనే ఉంటే
దారి తెలిసినవాటికి చోటేదీ, అని
కొస లేని వేలితో కప్పు జరుపుకున్నాడు.
కాసేపాగి,
పంపినవాళ్ళకి కబురు పెడతారులే, అన్నాడు,
ఫలానా చోట పడిపోయిందని.
చాలాసార్లు పెడతారు.

ర్యాకుల వీపుల నుంచి వేడిగాలి కొడుతుంది.
ఆ వేడిని నీళ్ళు నెత్తినెత్తుకుని
గొట్టాల్లో పడి ఊళ్ళోకి పోతాయి.
మునిసిపల్ ఈతకొలనుకి అదే పొయ్యి.

పొద్దున డ్యూటీ దిగి నేనూ అక్కడికే పోతాను.
మిల్లులో రీములు లెక్కపెట్టిన హెల్లెవి
ఎనభై రెండేళ్ళ గడ్డం నీటిపై నిలబెట్టి
తొందర లేకుండా ఈదుతుంటుంది.
ఎక్కడెక్కడి మనుషుల వెతుకులాటంతా
ఆమె మోకాళ్ళకి కాపడం.

మొన్న తీగలు మార్చడానికి
పద్నాలుగో వరుసతో మొదలెట్టి సగం హాలుకి
రాత్రంతా కరెంటు ఆపేశాం.

తెల్లారి మెట్టు మీద కాలు పెట్టి
చటుక్కున వెనక్కి లాక్కుంది హెల్లెవి.
నా వంక చూసింది.
ఏం పిల్లా,
రాత్రి లోకం పెందలాడే పడుకుందా?

అవునని తలూపి
ముక్కు మూసుకుని మునిగాను.