పొర మందం

స్టోన్‌హౌస్‌పేటలో తెల్లారకముందే
ఖాదర్‌బాషా దుకాణం ముందు నిలబడతాను.
మాంసం వద్దు, మేక చెవులు కావాలంటాను.
"మళ్లీ చెవులేనా! ఎవురి మాట వినాలని తల్లీ?"
కాగితంలో చుట్టి ఇస్తాడు, డబ్బు తీసుకోడు.

చెవి తోలు వలిచి, వెంట్రుక గొరిగి
రెండు గాజు గదుల మధ్య బిగిస్తాను.
పైన మందు. కింద ఉప్పునీళ్లు, ఒంటి వేడిలో.
అడుగున బియ్యపుగింజంత అయస్కాంతం
రాత్రంతా తన చుట్టూ తానే తిరుగుతుంది.
గంటకోసారి కింది నీళ్లలోంచి ఒక మిల్లీలీటరు తీస్తాను.

మొదటి గంట సున్నా.
రెండో గంట సున్నా.
మందు బయల్దేరలేదని కాదు,
తోలు లోపల ఎక్కడో నడుస్తోంది.
గ్రాఫు మీద గీత లేచే ముందున్న
ఆ ఖాళీకి ఆలస్యకాలమని పేరు.
మందం రెట్టింపైతే అది నాలుగింతలు.
మూడో అధ్యాయంలో నిరూపించాను, పన్నెండు పేజీలు.

గాజుసామాను కడిగే పెంచలమ్మ
ఇంటికి పోతూ బోర్డు ముందు ఆగింది.
"సమానం పక్కన ఆ అడ్డగీత ఏంది అమ్మణ్ణీ?"
"మైనస్. ఎక్కువ ఉన్న చోట నించి
తక్కువ ఉన్న చోటికే పోతుందని గుర్తు."
"ఏది పోయినా అంతేనా?"
"అంతే."
కాసేపు చూసింది.
"మా ఇస్కపల్లిలో యాడా అట్టా పోలేదే."

ఇరవై రెండేళ్లు ఉప్పు కొఠార్లో పలక లాగిన చెయ్యి
నా ముందు చాపింది.
"దీని మీద అంటిస్తే నీ మందు ఎప్పటికి దిగుద్ది?"
స్క్రూగేజీ అక్కడ పట్టదు, వేలితో నొక్కి చూశాను.
తోలు కాదు,
ఎండి, తడిసి, మళ్లీ ఎండిన మడి అడుగు.
లెక్క కట్టాను, ఆమె ఎదురుగానే, చాక్‌పీసుతో.
"రేపు ఈ పాటికి."
నవ్వింది.
"నొప్పికి చెప్పు మరి, అందాకా కూర్చోమని."
టిఫిను గిన్నె పట్టుకుని ఆఖరి బస్సుకు వెళ్లిపోయింది.

నాలుగున్నర. తొమ్మిదో నమూనాలో
మొదటి జాడ కనబడింది. రాసుకున్నాను.
తరవాత మూడో అధ్యాయం తీశాను:
'పొర అంతటా ఒకే మందం అనుకుందాం.'
కొట్టెయ్యబోయి ఆగాను.
అది పోతే సమీకరణం విడిపడదు, నాకు డిగ్రీ రాదు.
పక్కన పెన్సిల్‌తో,
గైడు కళ్లజోడుకి ఆననంత చిన్నగా రాశాను:
ఇస్కపల్లి చేతులు మినహా.