పసుపు బిరడా

మెసాబీ కొండల మీద మంచు తీరిగ్గా కరుగుతుంది.
మే నెల రెండో శనివారం దాకా ఆగి
తమ్ముడి ట్రక్కు కింద దూరాను.
అరవై ఒక్కేళ్ల నడుము
ఒకసారి గొణిగి ఊరుకుంది.

ఎనభై తొమ్మిది నాటి ఫోర్డు.
రేనో పోయాక నాకు మిగిలిన ఆస్తి ఇదీ,
సీటు కింద దొరికిన జిడ్డు నోటుబుక్కూ.

ఈ మధ్య రెండో గేరు పడేముందు
మాట నోటిదాకా వచ్చి మర్చిపోయిన మనిషిలా
బండి కాస్త తడబడుతోంది.
"ముట్టుకోకు సైమీ" అన్నాడు పక్కింటి ఉర్హో,
కంచె మీద కాఫీ కప్పు పెట్టి.
"ఆటోమేటిక్ గేర్‌బాక్సు. పాత మడ్డే దాన్ని పట్టి ఉంచుతుంది.
ఇన్నేళ్లూ మార్చని నూనె ఇప్పుడు మార్చావా,
ఉన్న పళ్లు ఊడినట్టే."
నోటుబుక్కు తెరిచి చూపించాను.
మార్చాడయ్యా. ఒకసారి కాదు, మూడుసార్లు.
నీలం సిరా, రేనో కోడిగీతలు, మైళ్ల లెక్కతో సహా.
ఉర్హో కాఫీ తాగాడు, ఇంకేమీ అనలేదు.

పద్నాలుగు బోల్టులు.
వెనకవి పూర్తిగా, ముందువి సగం.
పాన్ అంచు వంగగానే
క్రిస్మస్‌కి హామ్ కాల్చే పెద్ద పళ్లెంలోకి కొంత,
నా మోచేతి మీదుగా చంకలోకి కొంత
వెచ్చగా దిగింది నూనె.
ఎర్రగా ఉండాల్సింది.
మరిగి మరిగి మిగిలిన కాఫీలా ఉంది,
అడుగంటిన పాల వాసన.
అప్పుడే అనుమానం రావాల్సింది నాకు.

అయస్కాంతం మీద బూడిదరంగు గుజ్జు.
వేళ్ల మధ్య రుద్దాను. మెత్తగానే ఉంది,
రజను లేదు, పలుకు లేదు. బతికాం.
పాన్ మూల, మడ్డిలో,
ఏదో పసుపు.
గుడ్డతో తుడిచాను:
బొటనవేలంత ప్లాస్టిక్ బిరడా.

ఇదేమిటో నాకు తెలుసు.
గని మెకానిక్కు కూతుర్ని.
కొత్త బండికి నూనె గొట్టం దిగేసేటప్పుడు
ఫ్యాక్టరీవాడు లోపలికి తోసేస్తాడు దీన్ని.
పాన్ మొదటిసారి విప్పిన చెయ్యి
తీసి పారేస్తుంది.
ఆ మొదటి చెయ్యి
నాది.

"చేసింది రాయి, రాసింది చూపించు" అనేవాడు నాన్న.
ట్రక్కు కొన్న డబ్బు ఆయనదే మరి.
నెలకో ఆదివారం, కళ్లజోడు పెట్టుకుని
పేజీ పేజీ తడిమేవాడు.

వెల్లకిలా పడుకునే నోటుబుక్కు అందుకున్నాను.
తొంభై ఆరు, మే పదకొండు: నూనె, ఫిల్టరు, గాస్కెట్టు.
మే పదకొండు.
చేపల వేట మొదలయ్యే రోజు.
వెర్మిలియన్ సరస్సు మీద గాలి, చిల్లులు పడ్డ రబ్బరు బూట్లు,
నాలుగు పౌన్ల వాలై చేప.
వల పట్టింది నేనే.
"మనం ట్రక్కు కింద ఉన్నాం, గుర్తు పెట్టుకో"
అన్నాడు రేనో, ఒళ్లంతా పొలుసులతో.
ఒట్టు వేశాను.
ఎంత బాగా మర్చిపోయానంటే
ఇవాళ పొద్దున దాన్నే సాక్ష్యం చేశాను.

ట్రక్కు కింద నవ్వితే
నవ్వు ఎటూ పోదు, ఇనుముకి తగిలి మొహం మీదే పడుతుంది.
కళ్లలో నూనె కూడా పడింది.
అందుకే కాసేపు అలాగే ఉన్నాను.

పళ్లెంలోది మళ్లీ లోపల పొయ్యలేను కదా.
కొత్త ఫిల్టరు. కొత్త గాస్కెట్టు.
బోల్టులు ఎదురెదురుగా, కొంచెం కొంచెం,
మొండిపట్టు పట్టకుండా.
పొడుగు గరాటులోంచి అయిదు క్వార్టులు,
లింగన్ పండ్ల రసం రంగు.

ఇంజను వేశాను. కాలు బ్రేకు మీద.
గేర్లన్నిట్నీ పేరుపేరునా పలకరించి
రివర్సులో ఆపాను.
ఉర్హో కంచె దాటి వచ్చాడు, ఈసారి కప్పు లేకుండా.

ఒకటి.
రెండు.
మూడు అనేలోగా
ట్రక్కు ఒళ్లు విరుచుకుని
వెనక్కి ఒక అడుగు వేసింది.

"చెప్పానుగా, ఎప్పటికప్పుడు మార్చినదే" అన్నాను.
బిరడా జేబులో ఉంది.
రేనో రాసిన ఆఖరి వరస కింద
తేదీ వేసి, మైళ్లు వేసి రాశాను:
నూనె, ఫిల్టరు, గాస్కెట్టు.
నాలుగోసారి.