గొయ్యి కొలతలు

నూట ఎనభై గుడ్లు, ఆరు అట్టలు.
కొరిటెపాడు మలుపులో, వాన వెలిసిన పొద్దున
మోపెడ్ ముందు చక్రం దిగబడ్డచోట
సొనంతా నీళ్ళమీద తేలింది.
నష్టం లెక్క నాకంటే ముందు కుక్క తేల్చింది.

ఫోర్కు వంగిన బిల్లూ గుడ్ల బిల్లూ
గుండుసూదితో గుచ్చి కార్పొరేషన్‌కి పోతే
గుమాస్తా ఫొటో అడిగాడు.
చూపించా.
"ఇందులో గొయ్యేదయ్యా?
ఆకాశం, రెండు కరెంటు తీగలు, నీ మొహం."
నీళ్ళు నిలిస్తే అంతే సార్.
"లోతెంత?"
ఇరుసు దాకా.
"సెంటీమీటర్లలో రాయి, మస్తాన్‌వలీ."

మూడోవారం జేఈ గారు టేపు పట్టుకొచ్చేసరికి
ముందురాత్రే ఎవరో ఇటుకముక్కలు పోసి తొక్కిపోయారు.
టేపు విప్పకుండానే రాసుకున్నారు:
గొయ్యి లేదు.
కాబట్టి పడలేదు.

మోకాలి మీద పొక్కు ఇంకా రాలలేదు.

మొన్నటి జల్లుకి ఇటుకలు లేచిపోయాయి.
ఇప్పుడక్కడ దిగి, బండిని చంటిపిల్లలా నడిపించుకుపోతా.
నిన్న ఆ గుమాస్తానే ఎదురొచ్చాడు,
స్కూటర్ మీద, వెనక భార్య.
"ఆగండి సార్, ఆగండి!"
ఆగాడు. నీళ్ళలోకి చూశాడు.
ఆకాశం. రెండు తీగలు.

"ఎంత లోతుంటుందంటావ్?"
అన్నాడు,
ఒక కాలు ఇంకా గాల్లోనే ఉంచి.