రెండు ఆపేటోడు

సూర్ పట్నంల సముద్రం ఒక పాయ లోపలికొచ్చి కూసుంటది.
ఇటు ఒడ్డుకు మా క్లబ్బు, అటు ఒడ్డుకు వాళ్లది,
నడుమ తీగెల వంతెన.
మ్యాచ్ ఉన్ననాడు హారన్లు కొట్టుకుంట
ఇటు కార్లు అటు, అటు కార్లు ఇటు,
పనేం లేదు, ఊరికెనే, గిచ్చిపోనీకె.
వాళ్ల చాపలోడు మనకు ముండ్లున్నయే ఏరి ఇస్తడట,
మా బంకోడు వాళ్ల టైర్లకు గాలి తక్కువ కొడతడట.
ఇవన్నీ ప్రేమలే అని
నాకు సమజ్ గానీకె మూడేండ్లు పట్టింది.

నేను అడెపు లచ్చయ్యను, మెట్‌పల్లి దిక్కు.
మగ్గం మీద నేసేటోణ్ణి. ఇప్పుడు ఉతికేటోణ్ణి.
పదకొండు నీలి జెర్సీలు, పదకొండు లాగులు,
ఇరవై రెండు మేజోళ్లు.
మునీర్‌వి ఎప్పుడు లెక్కవెట్టినా ఒకటి తక్కువ.

మొన్న మూడు సున్నా గెలిచినం.
మునీర్ మైకు ముంగట, చెమట గూడ తుడ్సుకోకుంట:
“వాళ్ల కీపర్ జాగల మా దోబీ లచ్చాను నిలవెట్టినా
రెండు ఆపుతుండె.”

లచ్చా అంటే నేనే.
రాత్రి క్యాంపుల ఫోన్ తిప్పి తిప్పి సూసినం.
కోరుట్ల నర్సింలు మంచం దిగి సలాం కొట్టిండు,
“కీపర్ సాబ్, జీతమెంత పెంచిన్రు?”
పప్పు పొంగి పొయ్యి ఆరిపోయింది, ఎవ్వడూ సూడలె.
అందరికన్న ఎక్కువ నేనే నవ్విన.
టీవీల నా పేరు! సగమే అయినా, నా పేరు.

తెల్లారి అటు ఒడ్డు మండింది.
మా బస్సుకు గుడ్లు తగిలినయి
(ఆ పరదాలు గూడ నేనే ఉతికిన).
మూడోనాడు క్లబ్బు మాఫీ అడిగింది,
బంగారు అంచు కాయిదం, గేటుకు అంటించిన్రు.
శశాంకన్ సారు నాకు చదివి ఇనిపించిండు:
“పొరుగు క్లబ్బు గౌరవానికి భంగం కలిగినందుకు,
ఒక మేటి ఆటగాణ్ణి అటువంటి వానితో పోల్చినందుకు
మిక్కిలి చింతిస్తున్నాము.”

అటువంటి వానితో.
సారు ఆడ ఆగిండు. అద్దాలు తీసి తుడిసిండు.
“సమజైంది సార్” అని మిషిన్ దిక్కు పోయిన.

జోకుల నేను గోలు నడుమ నిలవడ్డ, చేతులు చాపి.
మాఫీల నన్ను రెక్క పట్టి బయటికి గుంజిన్రు.

సాయంత్రం మునీర్ వచ్చిండు.
జేబుల నుంచి ఒక మేజోడు తీసి బల్ల మీద వెట్టిండు,
నిరుడు పోయింది.
ఏమన్లేదు. నేనూ అడుగలె.

శుక్రారం పొద్దుగూకంగ
వాళ్ల కీపర్ హమూద్ వంతెన దాటి ఒక్కడే వచ్చిండు,
బాలు సంకల వెట్టుకొని.
“లచ్చా ఎవరు?”
సబ్బు చేతులు లుంగీకి తుడ్సుకున్న. గుండె దడ.
రెండు చెప్పులు ఇసుకల పాతి
“నిలవడు” అన్నడు.
తన గ్లౌజులే ఇచ్చిండు, నా చేతులకు బుట్టల్లెక్క.

ఐదు కొట్టిండు.
మొదటిది నాకు అవుపడనే లే.
రెండోది కాళ్ల నడిమికెల్లి.
మూడోది మొఖానికి తగిలి, తగిలి గూడ, లోపలికే పోయింది.
మిగిలినయి నర్సింలు లెక్కవెట్టిండు, గట్టిగ, దుష్మన్ లెక్క.

హమూద్ ఇసుకల కూలవడి నవ్వుతున్నడు:
“రాయించు! మీ క్లబ్బుతోని ఇంకో కాయిదం రాయించు,
దోబీ ఒక్కటి గూడ ఆపలేదని!”

ముక్కుల నుంచి నెత్తురు కారుతుంటె నేనూ నవ్విన.
గ్లౌజులు మాత్రం వాపస్ ఇయ్యలె.
మట్టైనయి,
“ఉతికి ఇస్త” అన్న.